పొగ ఒక్కటే చూసి ఇంజన్ దించనివ్వలేదు

ఫుల్ ఇంజన్ పని (మొత్తం విప్పి అరిగినవన్నీ మార్చడం) తప్పదని గ్యారేజీలో తేల్చేసిన నా పాత లారీ, ఇంజన్ విప్పకుండానే మళ్ళీ లోడుకెక్కింది. కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఇప్పుడే రాసేస్తున్నాను, ఇదే టెన్షన్‌లో ఉన్నవాళ్ళు గ్యారేజీలో తల ఊపేముందు చదువుతారని.

నాది ఆరు సిలిండర్ల టర్బో డీజిల్ (టర్బో అంటే పొగ జోరుతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని గట్టిగా నెట్టేది). పికప్ తగ్గలేదు, చలిలో కూడా సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది. ఆయిల్ మాత్రం 400 కిలోమీటర్లకు లీటరు తాగుతోంది. లోడు మీద తొక్కితే వెనక నీలం పొగ. ముందు నేను చూసుకోగలిగినవి చూసుకున్నాను. ఇంజన్ కడిగించి, రాత్రి కింద అట్ట పరిచాను. పొద్దున చూస్తే చుక్క లేదు. రేడియేటర్ నీళ్ళలో జిడ్డు లేదు. బ్రేకు గాలి ట్యాంకులు డ్రెయిన్ చేస్తే నీళ్ళే వచ్చాయి, ఆయిల్ రాలేదు. అంటే ఎయిర్ కంప్రెసర్ కూడా కాదు. వీటికి మెకానిక్ అక్కర్లేదు, ఎవరి బండికి వాళ్ళు చేసుకోవచ్చు.

ఇక గ్యారేజీ సంగతి. పేరున్న చోటే. మేస్త్రీ రేజ్ చేయించి పొగ చూశాడు, ఆయిల్ పోసే మూత తీశాడు. అక్కణ్ణుంచి పొగ గుప్పుగుప్పున కొట్టింది. "బ్యాక్ కంప్రెషన్ చూశావా అన్నా? రింగులు, లైనర్లు అన్నీ అయిపోయాయి. రేపే ఇంజన్ దించేద్దాం" అన్నాడు. అంటే పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు, పిస్టన్లు ఆడే గొట్టాలైన లైనర్లు అరిగి, మంట గాలి కిందికి దిగుతోందని. పనిముట్టు ముట్టుకోలేదు, ఒక్కటీ కొలవలేదు.

"దించేముందు ఒకసారి కంప్రెషన్ చెక్ చేద్దాం మేస్త్రీ" అన్నాను, అంటే ఒక్కో సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడితో నొక్కుకుంటోందో మీటరుతో కొలవడం. చేతిలో గుడ్డ బెంచీ మీదకి విసిరికొట్టాడు. అక్కడున్న డ్రైవర్లు, ఓనర్లు అందరికీ వినబడేలా, "నువ్వు పుట్టకముందు నుంచి ఇంజన్లు చేస్తున్నా. నాకు మీటర్లు కావాలా? ఇంత అనుమానం ఉన్నోడివి లారీ ఎందుకు పెట్టుకున్నావ్?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నా పక్కనే నిలబడ్డ మా డ్రైవరు తల దించేసుకున్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బండి నాది, ఖర్చు నాది, పని అయ్యేదాకా ఆగిపోయే కిరాయి నాది. రుజువు అడగడం నా హక్కు. అడిగినవాణ్ణి అందరి ముందు పలచన చేసే మనిషి ఎంత పెద్ద పనివాడైనా నా దృష్టిలో చిన్నవాడే. వెళ్ళిపోతుంటే వెనకనుంచి, "దారిలో ఇంజన్ బిగుసుకుపోయి సీజైతే నా దగ్గరికి రావొద్దు" అని అరిచాడు. చాలామందిని లొంగదీసేది ఈ బెదిరింపే. నేను తాళం ఇవ్వలేదు.

ఆయన చూపించిన పొగ నిజమే. కానీ ఆ పొగ చెప్పేది ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగిందని మాత్రమే, ఎందుకు పెరిగిందో చెప్పదు. రింగులు అరిగి మంట గాలి కిందికి దిగినా పెరుగుతుంది. మంచి ఇంజన్‌లోనూ కొంచెం గాలి ఎప్పుడూ దిగుతూనే ఉంటుంది, దాన్ని బయటికి పంపే బ్రీదర్ పైపు మూసుకుపోయినా పెరుగుతుంది. మొదటిదైతే ఇంజన్ విప్పాలి. రెండోదైతే పైపు శుభ్రం చేస్తే చాలు.

రెండో చోట చిన్న షెడ్డు, మాట తక్కువ మనిషి. ముందు ఆరు సిలిండర్ల కంప్రెషన్ కొలిచి కాగితం మీద రాసిచ్చాడు. అన్నిటికన్నా ఎక్కువకీ తక్కువకీ తేడా 10 శాతం కూడా లేదు. తర్వాత ఒక్కో సిలిండర్ పిస్టన్‌ని పైకి తెచ్చి, ఇంజక్టర్ తీసిన బెజ్జంలోంచి గాలి పట్టించాడు. "ఆయిల్ మూత దగ్గర చెవి పెట్టండన్నా" అన్నాడు. పెట్టాను. సన్నటి బుస, అన్ని సిలిండర్లకీ ఒకేలా. రింగులు పోతే ఇక్కడ జోరుగా కొడుతుందట. ఎగ్జాస్ట్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్ పోయినట్టట.

ఆ తర్వాత బ్రీదర్ విప్పాడు. లోపల నల్లటి ముద్ద గట్టిపడి పుల్ల కూడా దూరలేదు. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే గొట్టం తీస్తే ఆయిల్ బొటబొటా కారింది. టర్బో షాఫ్టు వేలితో కదిపితే అటూ ఇటూ ఆడింది. టర్బోలోకి వెళ్ళిన ఆయిల్ దాని బరువుతో అదే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి దిగాలి. సంపులో ఒత్తిడి ఉన్నా, దిగే పైపులో కార్బన్ పేరుకున్నా దిగదు. అక్కడే నిలబడి సీళ్ళు దాటి ఇంజన్ పీల్చే గాలిలో కలుస్తుంది. నా లీటర్లన్నీ పోయిన దారి ఇదే. బ్రీదర్, ఆ పైపు వదిలేసి కొత్త టర్బో ఒక్కటే బిగిస్తే అదీ కారేదే.

టర్బో లోపలి సెట్టు మార్చి, రెండు పైపులూ బాగుచేసి, ఇంటర్‌కూలర్ దించి ఆయిల్ మొత్తం వంచేశాం. ఈ చివరిది మాత్రం ఎవరూ మానొద్దు. అందులో నిలిచిన ఆయిల్‌ని డీజిల్ ఇంజన్ ఒక్కసారిగా పీల్చిందంటే దాంతోనే రేజ్ అందుకుంటుంది, తాళం తీసినా ఆగదు. గాలి దారి మూస్తే తప్ప ఆగని ఇంజన్ పక్కన నిలబడే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ఇప్పుడు 1,500 కిలోమీటర్లు దాటినా పోసింది లీటరు లోపే. మూత తీస్తే పలచటి ఆవిరి, అంతే. అడిగి కొలిపించింది నేను, అది గట్టిగానే చెప్పుకుంటాను.

కొలతల్లో రింగులే పోయాయని తేలితే నేనూ ఇంజన్ దింపేవాణ్ణే. అప్పుడు మాత్రం సగం పని చేయించొద్దు. అరిగిన లైనర్లలో కొత్త రింగులు సరిగ్గా కూర్చోవు, ఆయిల్ తాగడం మళ్ళీ మొదలవుతుంది. పొగ తగ్గిస్తామని అమ్మే డబ్బాల మందుల జోలికైతే అసలు పోకండి. ఆ డబ్బు కంప్రెషన్ కొలిపించడానికి పెట్టండి, కొలతలు కాగితం మీద రాయించుకోండి.

పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క క్షణం నీలం పొగ ఇంకా వస్తోంది. అది వాల్వ్ సీళ్ళ పని. ఇంజన్ దించకుండానే మార్చొచ్చు, వచ్చే సర్వీసుకి ఆ షెడ్డులోనే చేయిస్తాను.