ఆ బ్యాక్‌టిక్ ఎక్కడుంది?

ఈ బుజ్జి కీబోర్డు మీద కోపం ఇంకా తగ్గలేదు. ఆయన ముచ్చటపడి తెచ్చారు కాబట్టి పైకి అనలేను, ఇక్కడ అనుకుంటున్నాను. బల్ల మీద చోటు కలిసొచ్చిన మాట నిజమే. కానీ బ్యాక్‌టిక్‌కి, అదే వెనక్కి వాలిన సింగిల్ కోట్‌లా ఉండే గుర్తుకి, విడిగా మీట లేదు. ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కాలట!

"దానికింత గొడవా?" అంది పెద్దది. గొడవే మరి. నేను ఫైళ్లు రాసుకునే విమ్ అనే ఎడిటర్‌లో ఎం, ఏ నొక్కితే ఉన్నచోట గుర్తు పడుతుంది. తర్వాత ఎంత దూరం పోయినా బ్యాక్‌టిక్, ఏ నొక్కితే కర్సర్ సరిగ్గా ఆ అక్షరం మీదికే వస్తుంది. సింగిల్ కోట్, ఏ అయితే ఆ లైను మొదట్లో దింపి ఊరుకుంటుంది. ఇవాళ్టి ఫైల్లో ఒక్కో లైనూ స్క్రీను దాటి మడతలు పడేంత పొడుగు. పొద్దుట్నుంచీ లైను మొదట్లో దిగడం, కావలసిన చోటు మళ్లీ కళ్లతో వెతుక్కోవడం. సాయంత్రానికి తలనొప్పి, దాంతో చిన్నదాని మీద అరుపులు.

అసలు గుర్తులు పెట్టడం మానేస్తే పోలా అనిపించింది. కంట్రోల్-ఓ ఉందిగా, చేసిన గెంతులన్నీ వరసగా వెనక్కి చూపిస్తుంది. నూరు దాకా గుర్తుంచుకుంటుంది కూడా. మనం ముందుగా ఏమీ చెప్పక్కర్లేదు.

మా మేడం వింటే తిట్టేవారు. మొదటి ఉద్యోగంలో నా పక్క సీటు ఆవిడది. ఫోన్ మోగితే ముందు ఎం, జెడ్ నొక్కి, ఆ తర్వాతే హలో అనేవారు. చిన్న అక్షరాలతో పెట్టిన గుర్తులు ఏ ఫైలుకా ఫైలు వేరు, పెద్ద అక్షరాలవి మాత్రం అన్ని ఫైళ్లకీ కలిపి ఒకటే సెట్టు. పెద్ద సీ కాన్ఫిగ్‌కి, అంటే సెట్టింగుల ఫైలుకి, పెద్ద ఎల్ లాగ్ ఫైలుకి. ఎడిటర్ మూసినా విమ్‌ఇన్ఫో ఫైల్లో దాచుకుంటుంది కాబట్టి మర్నాటికీ అవి ఉండేవి. "ఆ ఫంక్షన్ ఎక్కడుందండీ" అని నేను అడిగేలోపే దాని మీద ఉండేవారు. పనికిరాని ముక్క తీసేయాలంటే పైన ఎం, ఏ పెట్టి, కిందికి దిగి డీ, సింగిల్ కోట్, ఏ. లైన్లకి లైన్లు మాయం. ఎన్నున్నాయో లెక్కపెట్టడాలేం లేవు. "వెళ్లేముందే అనుకోవాలి, ఎక్కడికి తిరిగి రావాలో" అని విసుక్కునేవారు. విసుక్కోకుండా చెప్పి ఉంటే ఇంకాస్త త్వరగా నేర్చుకునేదాన్ని, అది వేరే సంగతి.

ఆవిడ మాటే రైటు. కంట్రోల్-ఓ నేను తిరిగిన చోట్లన్నీ చూపిస్తుంది, అందులో నాకు కావలసింది ఏదో దానికెలా తెలుస్తుంది? నాలుగు ఫైళ్లు తిరిగొచ్చాక నొక్కుతూనే కూర్చోవాలి.

అందుకే సింగిల్ కోట్ నొక్కినా బ్యాక్‌టిక్ పనే జరిగేలా విమ్ సెట్టింగుల ఫైలు విమ్‌ఆర్‌సీలో ఒక లైను రాసేశాను, మీటలు ఆదేశాలుగా పనిచేసే నార్మల్ మోడ్‌కి మాత్రమే. అన్ని మోడ్‌లకీ పెడితే డీ తర్వాత కోట్ కూడా మారిపోయి, మేడం తీసేసినట్టు లైన్లకి లైన్లు పోవు, అక్షరం దగ్గర తెగి సగం సగం ముక్కలు మిగులుతాయి.

పనిలో పనిగా పెట్టిన గుర్తుల జాబితా తెరిచాను. పెద్ద క్యూ ఎప్పుడో అయిపోయిన ప్రాజెక్టులో ఏదో ఫైలు వైపు చూపిస్తోంది. డెల్‌మార్క్స్ ఆదేశం కొట్టి తీసేశాను. రేపు ఆ పొడుగు లైన్ల ఫైలుకి క్యూ ఇవ్వాలి.