కణత్వచాన్ని గోడలా గీయకండి

జీవశాస్త్రం పుస్తకాలకు బొమ్మలు గీయడం నా వృత్తి. పువ్వు నిలువుకోత, గుండె గదులు, కంటి నిర్మాణం, ఏది అడిగినా సంతోషంగా గీస్తాను. కణాన్ని చుట్టి ఉండే పలచని పొర, అదే కణత్వచం, దగ్గరికి వచ్చేసరికి మాత్రం సంపాదకులతో నాకు పేచీ తప్పదు. ఆ బొమ్మ అందరూ చూసిందే. గుండ్రటి తల, రెండు తోకలు ఉన్న అణువులు రెండు వరసల్లో ఉంటాయి. తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి, ఎక్కడా వంకర లేకుండా తీర్చిదిద్దినట్టు నిలబడతాయి. మధ్యలో అక్కడొకటి, ఇక్కడొకటి ప్రోటీన్లు. ఇది తప్పు బొమ్మ అనను. కానీ చూసిన పిల్లల మనసులో త్వచమంటే కదలని గోడ అని ముద్రపడిపోతుంది. ఒకసారి పడిన ముద్రను పై తరగతుల్లో ఎంత చెప్పినా చెరపడం కష్టం.

ముందు మందం సంగతి చూద్దాం. మన ఎర్ర రక్తకణం అడ్డుకొలత సుమారు 8 మైక్రోమీటర్లు. దాన్ని కాగితం మీద 20 సెంటీమీటర్ల వెడల్పున గీశాననుకోండి, 25 వేల రెట్లు పెంచినట్టు. త్వచంలోని లిపిడ్ల (ఆ తల, తోకలున్న కొవ్వు జాతి అణువుల) పొర మందం 5 నానోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అదే లెక్కన పెంచితే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. నా దగ్గరున్న పెన్నుల్లో అన్నిటికన్నా సన్ననిది 0.13 మిల్లీమీటర్ల గీత గీస్తుంది. పేజీ నిండా పరుచుకున్న ఆ కణం చుట్టూ ఈ పెన్నుతో ఒక్క గీత గీస్తే సరిగ్గా సరిపోతుంది. రెండు వరసల లిపిడ్లూ, వాటి నడుమ ఇరుక్కున్న కొలెస్టరాల్ కూడా ఆ గీతలోనే ఇమడాలి. కంటికి కనబడాలి గనుక మూడేసి మిల్లీమీటర్ల పట్టీగా గీస్తాం, ఇరవై రెట్లకు పైగా లావు చేస్తాం. అది తప్పదు. ఎంత పెంచామో పక్కన ఒక కొలబద్ద వేయమని మాత్రం ప్రతిసారీ అడుగుతాను.

మందం కన్నా నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇంకొకటి ఉంది. కణం బరువులో 70 శాతం దాకా నీరే. మిగిలినదాంట్లో పెద్ద వాటా ప్రోటీన్లది. ఆ తర్వాత న్యూక్లిక్ ఆమ్లాలు, పిండిపదార్థాలు, లిపిడ్లు. ప్రోటీన్‌ను గీయాలంటే అమైనో ఆమ్లాలను ఒకదాని వెంట ఒకటి కలుపుకుంటూ పోతాను. డీఎన్ఏ అయితే న్యూక్లియోటైడ్లను కలుపుతాను. ఆ గొలుసుల్లో ప్రతి లంకెనూ పక్కదానితో బలమైన రసాయన బంధం పట్టి ఉంచుతుంది. త్వచంలో అలాంటి గొలుసే లేదు. ఫాస్ఫోలిపిడ్ అంటే ఆ రెండు తోకల లిపిడే; ఒక్కో అణువు లోపల బంధాలున్నాయి, నిజమే. గ్లిసరాల్‌కు రెండు కొవ్వు ఆమ్లాలు, ఫాస్ఫేటు ఉన్న తల అతుక్కుని ఉంటాయి. ఆ అణువుకూ దాని పక్క అణువుకూ మధ్య మాత్రం అంత గట్టి బంధం ఒక్కటీ లేదు. కణం లోపలికీ బయటికీ మధ్య ఉన్న సరిహద్దు అంతా ఒకదానికొకటి కట్టివేయని అణువుల గుంపే. ఈ మాట మొదటిసారి అర్థమైనప్పుడు పెన్ను పక్కన పెట్టి చాలాసేపు ఆలోచనలో పడిపోయాను.

మరి చెదిరిపోదెందుకు? కారణం నీరు. తలకు విద్యుదావేశం ఉంది కాబట్టి నీటితో ఇట్టే కలుస్తుంది. తోకలు కార్బన్, హైడ్రోజన్ తప్ప మరేమీ లేని పొడవాటి వరసలు. నీటి అణువులు ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధాలు పెట్టుకుంటాయి గానీ ఈ తోకలతో పెట్టుకోలేవు. తోక నీటిలోకి వస్తే దాని చుట్టూ ఉన్న నీటి అణువులు ఇష్టం వచ్చినట్టు తిరగలేక ఒక క్రమంలో సర్దుకోవాల్సి వస్తుంది. తోకలన్నీ ఒకచోట చేరి దాక్కుంటే నీటికి ఆ నిర్బంధం తప్పుతుంది. నీటిమీద నూనె చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం చూస్తుంటాం కదా, అక్కడ పనిచేసేదీ ఇదే. పొరకు ఎక్కడైనా అంచు మిగిలితే ఆ అంచు వెంట తోకలు నీటికి తగులుతాయి. అందుకే పొర తనంతట తానే ముడుచుకుని సంచీ అయిపోతుంది. చిన్న రంధ్రం పడినా అదే కారణంగా పూడుకుంటుంది. కాబట్టి బొమ్మలో నీటి అణువులు గీయకుండా వదిలేస్తే నాకు నచ్చదు. పొరను నిలబెట్టేదే అది. తెల్ల కాగితాన్ని వదిలేసి అదే నీరనుకోమంటే ఎలా?

రెండు వరసలున్నాయన్నది కంటితో చూసి కనిపెట్టిన విషయం కాదు, లెక్కవేసి చెప్పింది. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఎవర్ట్ గోర్టర్ అనే పిల్లల వైద్యుడూ ఆయన సహచరుడు గ్రెండెల్ ఎర్ర రక్తకణాలను తీసుకున్నారు. ఎంపిక ఎంత తెలివైనదో చూడండి. క్షీరదాల ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు, లోపల వేరే పొరలూ ఉండవు. దొరికిన లిపిడ్లు అన్నీ బయటి త్వచానివే అయి తీరాలి. అసిటోన్‌తో ఆ లిపిడ్లను బయటికి లాగి, తొట్టిలోని నీటిమీద ఒకే అణువు మందాన పరిచి, ఎంత మేర పరుచుకుందో కొలిచారు. అది కణాల మొత్తం ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. అంటే కణం చుట్టూ రెండు వరసలున్నట్టు.

1960లలో ఇతరులు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూస్తే అందులో రెండు లోపాలు బయటపడ్డాయి. అసిటోన్ లిపిడ్లన్నిటినీ లాగలేదు. కణం ఉపరితలాన్నేమో ఆరిపోయిన కణాలను చూసి లెక్కకట్టడంతో అది ఉన్నదానికన్నా తక్కువ వచ్చింది. రెండు తగ్గుదలలూ ఒకదాన్నొకటి సరిచేసి, జవాబు సరిగ్గా తేలింది. ఇది వట్టి అదృష్టమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. అడిగిన ప్రశ్న సరైనది, ఎంచుకున్న కణం సరైనది, కొలిచిన తీరు అందమైనది. ఆ తర్వాత ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద త్వచం రెండు ముదురు గీతలుగా, నడుమ ఒక లేత గీతగా కనిపించింది.

ఇక కదలిక. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం రంగులతో పనిచేసే నాలాంటివాళ్లకు కన్నులపండుగ. మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ వైరస్ సాయంతో ఒకే కణంగా కలిపారు. మనిషి ప్రోటీన్లకు ఎర్రగా, ఎలుక ప్రోటీన్లకు ఆకుపచ్చగా వెలిగే ప్రతిరక్షకాలు అంటించారు. కలిసిన కొత్తలో కణం సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. 37 డిగ్రీల వేడిలో 40 నిమిషాలు గడిచేసరికి రెండు రంగులూ కణమంతా కలిసిపోయాయి. బాగా చల్లబరిస్తే ఆ కలయిక ఆగిపోయింది. కణానికి శక్తి అందకుండా చేసినా ఆగలేదు. ఎవరూ మోసుకుపోవడం లేదు, ప్రోటీన్లు వాటంతట అవే పొరలో తేలుతూ జరుగుతున్నాయన్నమాట. రెండేళ్లకు, 1972లో, సింగర్, నికోల్సన్ అనే శాస్త్రవేత్తలు ద్రవ మొజాయిక్ నమూనాను ప్రకటించారు: త్వచమంటే ద్రవంలాంటి లిపిడ్ల పొర, అందులో తేలే ప్రోటీన్లు అని.

లిపిడ్లు ఇంకా చురుకైనవి. ఒక్కో అణువు పక్కదానితో సెకనుకు కోటిసార్ల వరకు చోటు మార్చుకుంటుంది. ఒక బ్యాక్టీరియా కణం ఈ చివరి నుంచి ఆ చివరికి చేరడానికి దానికి సెకను చాలు. అదే ఫాస్ఫోలిపిడ్ ఈ వరసలోంచి ఆ వరసలోకి పల్టీ కొట్టాలంటే, ఎంజైమ్ సాయం లేకుంటే, రోజులు పట్టవచ్చు. నడుమనున్న నూనెలాంటి తోకల భాగాన్ని తల దాటాలి మరి. వరసలో పక్కకు అంత వేగం, ఈ వరస నుంచి ఆ వరసకు అంత జాప్యం. ఈ తేడావల్లే లోపలి వరసలో ఒక రకం లిపిడ్లు, బయటి వరసలో ఇంకో రకం నిలబడగలుగుతున్నాయి. ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే లిపిడ్ మామూలుగా లోపలి వరసలోనే ఉంటుంది. కణం తనను తాను అంతం చేసుకునే దశకు వచ్చినప్పుడు అది బయటి వరసలో కనిపిస్తుంది, దాన్ని గుర్తుపట్టి భక్షకకణాలు వచ్చి మింగేస్తాయి. అందుకే రెండు వరసలకూ ఒకే రంగు వేయమంటే నేను వినను.

తోకలు కూడా నిటారుగా ఉండవు. అసంతృప్త కొవ్వు ఆమ్లంలో ద్విబంధం ఉన్నచోట తోక వంగుతుంది, పక్కవాటికి దగ్గరగా ఒదగలేదు, పొర కాస్త పలచబడి వదులవుతుంది. చలి పెరిగితే చాలా బ్యాక్టీరియాలు ఇలాంటి వంగిన తోకల వాటా పెంచుకుని పొర గడ్డకట్టకుండా చూసుకుంటాయి. ప్రోటీన్ల విషయానికొస్తే, చాలా త్వచాల్లో బరువు లెక్కన దాదాపు సగం అవే. లిపిడ్ల మైదానంలో విసిరేసినట్టు రెండు మూడు గీస్తే సరిపోదు, కిక్కిరిసి ఉండాలి. సోడియం అయాన్లను మూడేసి బయటికి పంపి పొటాషియం అయాన్లను రెండేసి లోపలికి తెచ్చే పంపులు, నీటికి దారి ఇచ్చే ఆక్వాపోరిన్లు, అన్నీ ఆ గుంపులోనివే.

స్థలం లేదని సంపాదకులు మొదట తీసేసేది చక్కెర గొలుసులను. త్వచం బయటివైపున మాత్రమే, ప్రోటీన్లకూ లిపిడ్లకూ అతుక్కుని, కొమ్మల్లా ఉంటాయి. వాటి విషయంలో నేను పట్టు వదలను. మన రక్తం వర్గాలు తేలేది అక్కడే. ఎర్ర రక్తకణం మీది గొలుసు చివర ఎన్-అసిటైల్ గెలాక్టోసమైన్ ఉంటే ఎ, గెలాక్టోజ్ ఉంటే బి, రెండు రకాలూ ఉంటే ఎబి, ఆ చివరి చక్కెర లేకపోతే ఓ. ఈసారి పుస్తకంలో ఈ మూడు గొలుసులకూ అర పేజీ అడిగాను. పావు పేజీ ఇస్తామన్నారు. చక్కెరలను చిన్న షడ్భుజులుగా గీస్తే అందులోనే సరిపోతాయి.