కుండ గుర్తు పాటకు సర్టిఫికెట్ తెచ్చుకున్న కథ

మా చిన్నాయన రిటైర్డ్ టీచరు. 2023 నవంబర్ 30న జరిగిన తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. పాటలు రాయడం, కరపత్రాలు, మైకు ఆటో, వాట్సాప్ గ్రూపులు, అంటే పెద్ద పార్టీల్లో వార్ రూమ్ అని ఒక బిల్డింగు నిండా ఉండేదంతా మా దగ్గర నేనొక్కడినే. డిపాజిట్ పోయింది. దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి, అది మా వల్ల కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి ఈ కోపం ఓడినందుకు కాదు.

నామినేషన్ సాఫీగానే అయింది. ప్రతిపాదించేవాళ్లు పదిమంది, పదివేల డిపాజిట్, ఎన్నికల ఖర్చుకు విడిగా ఒక బ్యాంకు ఖాతా. ఆటోకు పర్మిషన్ ఎన్నికల సంఘం ఆన్‌లైన్ పోర్టల్ 'సువిధ'లో పెట్టాం, వచ్చింది. కరపత్రం మీద అచ్చేసినవాళ్ల పేరు, వేయించినవాళ్ల పేరు, అడ్రసులు ఉండాలి, లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ కింద ఆరు నెలల దాకా జైలు. ఆ సంగతి నాకు చెప్పింది ప్రెస్సు నడిపే ఆయనే.

మైకులో వేసే పాట దగ్గరే మొదలైంది తంటా.

ఇండిపెండెంటుకు గుర్తు ముందే ఉండదు. విత్‌డ్రాయల్ గడువు అయిపోయాకే ఇస్తారు. ఈసారి ఆ గడువు నవంబర్ 15. ప్రచారం బందయ్యేది 28 సాయంత్రం. ఈ మధ్యలోనే గుర్తు తెలియాలి, పాట కట్టాలి, రికార్డు చేయాలి, దానికి మీడియా సర్టిఫికేషన్ కమిటీ అనుమతి తేవాలి, ఊళ్లు తిరగాలి. దరఖాస్తేమో ప్రసారానికి కనీసం మూడు రోజుల ముందు ఇవ్వాలి. పెద్ద పార్టీలకు ఈ బాధ లేదు. వాళ్ల గుర్తు గోడల మీద ఏడాది పొడుగునా ఉండేదే, వాళ్ల పాటలు దసరాకే తయారై ఉంటాయి.

మాకు కుండ వచ్చింది. నేను రాత్రికి రాత్రే రాసేశాను.

"కుండ నింపే చెరువు ఎండె
కట్ట పోసిన పైసలు ఏడ?
కుండ మీదనె ఓటు గుద్దు
నీళ్ల లెక్క అడుగుదాం"

పెళ్లి పాటలకూ బతుకమ్మ పాటలకూ మా మండలంలో నా దగ్గరికే వస్తారు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే. గొంతు మాత్రం లేదు, అందుకే మా పక్కింటి చెల్లెతో పాడించాను. బాగా వచ్చింది.

దరఖాస్తుతో పాటు పాట రెండు ఎలక్ట్రానిక్ కాపీలు, అందులో ఉన్న ప్రతి మాటా రాసి అటెస్ట్ చేయించిన కాగితం, తయారీకి ఎంతైంది, ఎన్నిసార్లు వేస్తారు, ఏ రేటున, డబ్బులన్నీ చెక్కు లేదా డీడీ రూపంలోనే ఇస్తామని హామీ. అన్నీ పట్టుకొని కలెక్టరేట్‌కు పోయాను. కౌంటర్లో ఉన్న మనిషి నా పెన్‌డ్రైవ్ చూసి, సీడీలు కావాలన్నాడు. ఈ కాలంలో సీడీ ఎక్కడ దొరుకుతుంది? పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫొటో స్టూడియోలో పాత స్టాకు ఉంటే బతిమాలి తెచ్చాను. తెచ్చాక తెలిసింది, ఆ హాల్లో ఉన్న కంప్యూటర్లలో ఒక్కదానికీ సీడీ పెట్టే చోటు లేదు.

అక్కడున్న పెద్ద సారు నన్ను కూర్చోమనలేదు. టేబుల్ ముందు నిలబెట్టే అడిగాడు.

"ఏం బాబూ, ఇప్పుడు నీ పాట ఎట్ల వినాలె?"

"పెన్‌డ్రైవ్ ఉంది సార్."

"వైరస్ వస్తది. పెట్టనియ్యం."

"నా ఫోన్‌లో వినిపిస్తా సార్."

"ఫోన్‌ల విన్నది రికార్డుకు ఎక్కదు. రాసింది నువ్వే కదా? పాడు. మేం కాగితంతోని సరి చూసుకుంటం."

ఎగతాళి అనుకున్నాను. కాదు. కాగితం ముందర పెట్టుకుని, పెన్ను టోపీ తీసి చూస్తున్నాడు. హాల్లో ఖర్చుల టీమువాళ్లు, పేపర్లు కత్తిరించే అమ్మాయిలు, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఇంకో పక్క సోఫాలో ఒక పెద్ద పార్టీ మీడియా కుర్రాళ్లు. వాళ్లు ల్యాప్‌టాప్, స్పీకరు సొంతంగా తెచ్చుకున్నారు, వాళ్ల ముందు చాయ్ కప్పులు కూడా ఉన్నాయి. నేను పాడాను. మొదటి చరణానికే గొంతు పట్టేసింది. ఆయన చెయ్యెత్తి ఆపి, "ఇక్కడ కోరస్ అని రాసినవ్, అది ఎవరు పాడ్తరు?" అన్నాడు. నేనే పాడాను. "డప్పు మోత రాయలేదేంది?" అన్నాడు. డప్పుకు మాటలుండవు సార్ అన్నాను. కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. మళ్లీ మొదటి నుంచి పాడమన్నారు, ఎందుకంటే ఒక దగ్గర కాగితంలో "అడుగుదాం" ఉంటే నేను ఊపులో "అడుగుదామన్నా" అన్నానట. నలభై దాటిన మనిషిని, అంతమంది ముందు చేతులు కట్టుకుని ఓటు పాట పాడుతుంటే సోఫాలో కుర్రాడొకడు ఫోను నిలువుగా పట్టుకుని తీస్తున్నాడు. నాకు కనబడుతూనే ఉంది. ఆపమని చెప్పేవాళ్లు ఆ హాల్లో ఎవరూ లేరు.

అంతా అయ్యాక అసలు అభ్యంతరం బయటికొచ్చింది. "పైసలు ఏడ?" అనే మాట. ఆధారం లేని ఆరోపణ అట. చెరువు కట్ట పని గురించి మేం తీసుకున్న ఆర్టీఐ జవాబు సంచిలోనే ఉంది, తీసి చూపించాను. దాన్ని తిరగేసి కూడా చూడలేదు. ఎదుటివాళ్లు గతంలో చేసిన పనిని విమర్శించవచ్చని ప్రవర్తనా నియమావళిలోనే రాసి ఉంది. అది చదవబోతే, "లా పాయింట్లు కోర్టులో చెప్పుకో" అన్నాడు. చివరికి "కట్ట పోసే రోజు ఎప్పుడు?" అని మార్చి, మళ్లీ పక్కింటి చెల్లెను పిలిచి, మళ్లీ రికార్డు చేసి, మళ్లీ అటెస్టేషన్ చేయించుకుని పోతే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. అంతకుముందు పాటకు కోపం ఉండేది. ఇప్పుడది వినతిపత్రం.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ తిరుగుళ్లలో బస్సులో కూర్చుని చదివాను. దాని పుట్టుక మన దగ్గరే. టీవీల్లో రాజకీయ ప్రకటనలు వేయకూడదని 1994 కేబుల్ టీవీ నియమాల్లో ఒక నిబంధన ఉండేది. 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని నిలిపేసింది. కేంద్రం సుప్రీంకోర్టుకు పోయింది, జెమినీ టీవీ మీద వేసిన ఆ కేసులో 2004 ఏప్రిల్ 13న వచ్చిన ఉత్తర్వే ఈ ముందస్తు సర్టిఫికెట్‌కు మూలం. ప్రకటనలకు పూర్తిగా తలుపు మూయకుండా, ఎవరో ఒకరు ముందు చూసి వదలాలన్నారు. ఉద్దేశం మంచిదే, నేను కాదనను. 2013 నుంచి సోషల్ మీడియా ప్రకటనలకూ ఇదే వర్తిస్తోంది.

అయితే ప్రకటన అని ఒప్పుకున్నదానికే ఈ కాపలా. నేను పాట దిద్దించుకుంటున్న వారంలోనే రెండు పేపర్ల జిల్లా ఎడిషన్లలో ఎదుటి అభ్యర్థిని మెచ్చుకుంటూ సగం పేజీ కథనం వచ్చింది. అదే ఫొటో, అదే హెడ్డింగు, కింద రిపోర్టర్ల పేర్లు మాత్రం వేరు. ఒక దాంట్లో ఉన్న అచ్చుతప్పు రెండో దాంట్లోనూ ఉంది. మా చెరువు కూడా నిండుకుండలా ఉందని రాశారు, మా గుర్తును కూడా వదల్లేదు. దీనికి ట్రాన్స్‌క్రిప్టు లేదు, అటెస్టేషన్ లేదు, ఎవరూ ఎవరి ముందూ చదివి వినిపించలేదు. మా ఊళ్లో మైకు పాటను ఎవరూ నమ్మరు, మైకు పాట అంటేనే ఓటు కోసమని చిన్న పిల్లలకూ తెలుసు. పేపర్లో వచ్చిందంటే మాత్రం హోటల్ దగ్గర పదిమంది చదువుకుంటారు. డబ్బున్నవాడు ప్రకటన కొనడు, వార్త కొంటాడు.

ఇదీ కొత్తది కాదు. ఇలా డబ్బులకు వేసే వార్తల (పెయిడ్ న్యూస్) మీద 2009లో ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఒక ఉపసంఘం వేస్తే, అందులో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి, ఇంకొకరు పరంజయ్ గుహా ఠాకుర్తా. పత్రికల పేర్లతో సహా వాళ్లు రాసిన నివేదికను కౌన్సిల్ పూర్తిగా బయటపెట్టలేదు, సమాచార కమిషన్ చెప్పాక 2011లో పెట్టింది. పోటీ పేపర్లలో ఒకే కథనం వేర్వేరు పేర్లతో రావడాన్ని అనుమానించాల్సిన గుర్తుగా ఎన్నికల సంఘమే చెప్పుకుంది. అందుకే రెండు పేపర్లూ జత చేసి అదే కమిటీకి ఫిర్యాదు ఇచ్చాను. అదే సారు. "డబ్బులిచ్చేది నువ్వు చూసినవా?" అన్నాడు. చూస్తే నేనెందుకు, ఏసీబీ వస్తుంది కదా. నిబంధన ప్రకారం వార్త వచ్చిన 96 గంటల్లో అభ్యర్థికి నోటీసు పోవాలి. పోయినట్టు మాకెవరూ చెప్పలేదు.

ఈలోపు నా వీడియో బయలుదేరింది. వెనకాల నవ్వుల సౌండు తగిలించి, "అసెంబ్లీలో కచేరీ చేస్తాడట" అని రాసి తిప్పారు. మా అసలు పాటకంటే అదే ఎక్కువమందికి చేరింది, మా అత్తగారి ఊరి దాకా పోయింది. దాని మీద అడిగితే, సొంత ఖాతాల్లో ఎవరైనా పెట్టుకునేది ప్రకటన కిందికి రాదు, సర్టిఫికెట్ అక్కర్లేదు అన్నారు. నిబంధన నిజంగానే అలా ఉంది, చూసుకున్నాను.

ఇంకెవరైనా ఇండిపెండెంటుగా దిగాలనుకుంటే గుర్తు లేకుండానే పాట సగం కట్టి పెట్టుకోండి. ల్యాప్‌టాప్, స్పీకరు మీరే మోసుకుపోండి, సీడీ అన్నా అనకపోయినా సరే. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేయించుకోండి. మా చిన్నాయన లాగా "అధికారులు మన శిష్యులే" అనే నమ్మకంతో మాత్రం పోకండి.

ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి. ఇచ్చాం. పాట రాసినందుకు నేను తీసుకున్నది సున్నా అని వేస్తే, కుదరదు, పాటకు ఎంతో కొంత విలువ కట్టి ఖర్చులో కలపాలన్నారు. కలిపాం. సీడీలు కూడా రాశాను, రసీదుతో సహా. సగం పేజీ కథనం ఖర్చు ఎవరి లెక్కలో చేరిందని, నా ఫిర్యాదు ఏమైందని ఆర్టీఐ వేశాను. గడువు ఇంకా నడుస్తోంది.