స్విచ్చూ బల్బే కదా అన్నాను

18 ఏళ్ళుగా ఇళ్ళకు వైరింగ్ చేస్తున్నాను. అందుకే మా మేనల్లుడు "మామయ్యా, మినీ ప్రాజెక్టు. ట్యాంకు నిండగానే లైటు వెలగాలి, ఆర్డుయినో అని కోడ్ రాస్తే నడిచే చిన్న బోర్డు ఉంటుంది, దాంతో చెయ్యాలట" అన్నప్పుడు నవ్వొచ్చింది. స్విచ్చూ బల్బే కదరా, నువ్వు పరీక్షలకు చదువుకో, సోమవారం రివ్యూకి నేను చేసిస్తా అన్నాను. అదీ మా అక్క ముందు అన్నాను.

శుక్రవారం సాయంత్రం కోఠీ గుజరాతీ గల్లీలో సామాను కొన్నాను. బోర్డు ఊనో క్లోన్, అంటే ఆర్డుయినో ఊనో మోడల్‌కి నకలు. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టకపోతే మావాడు ఫోన్లో చెప్పిన సీహెచ్340 డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను, పట్టింది. ఎర్ర ఎల్‌ఈడీని 8వ పిన్‌కి కట్టి మధ్యలో 220 ఓముల రెసిస్టర్ పెట్టాను. ఆ లెక్క నాదే. బోర్డు ఇచ్చేది 5 వోల్టులు, ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర పోయేది సుమారు 2. మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే 13, 14 మిల్లీయాంపులు. ఒక్కో పిన్ మీద 20 దాటకుండా చూసుకోవాలి. లైటు చెప్పినట్టే వెలిగింది, ఆరింది. ఇంతేనా ఇంజనీరింగ్ అనుకున్నాను.

ట్యాంకులో నీళ్ళ మీద తేలుతూ పనిచేసే ఫ్లోట్ స్విచ్ బదులు ముందు చిన్న పుష్ బటన్‌తో చూద్దామనుకున్నా. దానికి నాలుగు కాళ్ళు, అందులో రెండేసి లోపలే కలిసి ఉంటాయి. మొదట కలిసిన జతకే కట్టి ఎప్పుడూ ఆన్‌లోనే ఉందేమిటా అనుకున్నాను కానీ, మీటర్ బజర్ పెట్టి రెండు నిమిషాల్లో పట్టేశాను. ఒక కాలికి 5 వోల్టులు, రెండో కాలి నుంచి 2వ పిన్‌కి వైరు. నొక్కితే వెలగాలి, వదిలితే ఆరాలి.

నొక్కితే వెలిగింది. వదిలితే ఒక్కోసారి ఆరింది, ఒక్కోసారి ఆరలేదు. కాసేపటికి ఎవరూ ముట్టుకోకుండానే మిణుకుమిణుకుమంది. చెయ్యి దగ్గరికి తెస్తే వెలుగుతోంది, తీస్తే ఇష్టమొస్తే ఆరుతోంది. లూజ్ కనెక్షన్ అనుకుని వైర్లన్నీ మార్చాను. బటన్ మార్చాను. వైర్లు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద అనుమానమొచ్చి బటన్ తీసేసి, పిన్‌లో ఉత్త వైరు ముక్క గుచ్చి వదిలేశాను. అయినా వెలుగుతోంది! దేనికీ తగలని వైరుకు కరెంటు ఎక్కడిది?

అసలు పిచ్చెక్కించింది మీటరు. వోల్టేజ్ చూద్దామని ఒక ప్రోబ్ పిన్ మీద, ఇంకోటి గ్రౌండ్ మీద పెట్టగానే అంతా బుద్ధిగా పనిచేసింది. నొక్కితే వెలుగు, వదిలితే చీకటి. ప్రోబ్ తీస్తే మళ్ళీ మొదటికొచ్చింది. కొలిచినంతసేపు కనబడకుండా పోయే ఫాల్ట్ నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. రాత్రి రెండు దాటింది.

శనివారం బోర్డు పట్టుకుని అదే షాపుకి వెళ్ళి, ఇది చెడిపోయింది మార్చమన్నాను. కౌంటర్ చుట్టూ కాలేజీ పిల్లలు. షాపతను బోర్డు వైపు చూడను కూడా చూడలేదు. "భాయ్, పుల్‌డౌన్ లగాయా క్యా?" అన్నాడు. నేను "కిందికి లాగే స్విచ్ కాదు భాయ్, నొక్కేదే" అన్నాను.

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత షాపు షాపంతా నవ్వింది. ఒక కుర్రాడైతే "అంకుల్, ముందు టార్చిలైటుతో మొదలుపెట్టండి" అన్నాడు. వాడి హాస్టల్లో ఫ్యాన్ ఆగితే నాలాంటివాడే వెళ్ళాలి. పది రూపాయలు కూడా చెయ్యని సామాను పేరు నాకు తెలియకపోవచ్చు. ఆ షాపతను అది చెప్పి ఇచ్చుంటే సరిపోయేది. ఇవ్వలేదు, పక్క కస్టమర్ వైపు తిరిగాడు. ఆ షాపుకి ఇక జన్మలో వెళ్ళను.

మెట్ల దగ్గర ఆంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన ఇదంతా చూస్తున్నాడు. పిలిచి, సిగరెట్ పెట్టె అట్ట మీద బొమ్మ గీశాడు. పిన్ నుంచి గ్రౌండ్‌కి 10 కే, అంటే 10 వేల ఓముల రెసిస్టర్ ఒకటి. పుల్‌డౌన్ అంటే ఇదేనట. "తెగిన వైర్లో ఏమీ ఉండదనుకుంటున్నావా?" అన్నాడు. అంతే, నాకు ఒళ్ళు ఝల్లుమంది.

ఎందుకంటే ఆ సంగతి నాకు తెలుసు. రాత్రి స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ బల్బు సన్నగా మెరుస్తోంది, దయ్యమా అని ఎంతమంది పిలవలేదు నన్ను! ఒకే పైపులో ఫేజు వైరు పక్కన పోయే ఖాళీ వైరులోకి కాస్త వోల్టేజ్ దూకుతుంది. ఆ కాస్తా ఎల్‌ఈడీకి చాలు. ఈ 2వ పిన్ దానికన్నా సున్నితం. దాదాపు ఏ కరెంటూ తాగదు కాబట్టి గాలిలోంచి, నా చేతిలోంచి ఏది దూకినా నిజమనుకుంటుంది. మీటరు లోపల దాదాపు 10 మెగాఓముల రెసిస్టెన్స్ ఉంటుంది కదా, ప్రోబ్ పెట్టినప్పుడు అదే ఆ వోల్టేజ్‌ని గ్రౌండ్‌కి దించేసింది. నేను రోగం కొలవలేదు, తెలియకుండా మందేశాను.

10 కే గోధుమ, నలుపు, నారింజ రంగు చారలతో ఉంటుంది. ఒకటి అడిగి చీవాట్లు తినొద్దు, వందున్న ప్యాకెట్ కొనుక్కోండి. మావాడు తర్వాత తీరిగ్గా చెప్పాడు, పిన్‌ని 5 వోల్టుల వైపు లాగే రెసిస్టర్ బోర్డు లోపలే ఒకటి ఉందట. కోడ్‌లో ఇన్‌పుట్ పుల్‌అప్ అని రాసి, బటన్‌ని 5 వోల్టులకు బదులు గ్రౌండ్‌కి కడితే బయట ఏమీ పెట్టక్కర్లేదు. కాకపోతే నొక్కితే సున్నా, వదిలితే ఒకటి. ఇళ్ళల్లో ఇలా తిరగేసి స్విచ్ బోర్డు కడితే తంతారు. ఇక్కడ ఇదే పద్ధతట.

బటన్ ఒకసారి నొక్కితే మూడుసార్లు నొక్కినట్టు లెక్కపడే తంటా ఒకటుంది. బటన్ లోపలి రేకులు తగిలేటప్పుడు ఎగురుతాయి, కోడ్‌లో 50 మిల్లీసెకన్లు ఆగితే పోతుంది. ట్యాంకులో నీళ్ళు అలలాడతాయి కాబట్టి నేను రెండు సెకన్లు ఆగమన్నాను.

రివ్యూలో సారు "నిండితే సున్నా ఎందుకొస్తోంది?" అని అడిగాడట, మావాడు గడగడా చెప్పాడట. ఇంకా మేడ మీది ట్యాంకు దాకా 40 అడుగుల వైరు లాగాలి. అంత పొడవుకి లోపలి రెసిస్టర్‌ని నమ్మను, అది 20 నుంచి 50 కే దాకా ఎంతైనా ఉండొచ్చు. అందుకే 5 వోల్టుల వైపు 4.7 కే బయటే పెట్టాను. మోటారు వైరున్న పైపులోంచే లాగేయమంటున్నాడు మావాడు. కుదరదు, వేరే పైపు వేస్తున్నాను.