శ్రావణ శుక్రవారం నాటి గోదారి

ఇవాళ ఆదివారం, టిఫిన్ కూడా తినకుండా స్కూటీ వేసుకుని గోదారి మధ్యలో ఉన్న లంక ఊరికి పోయాను, చిన్నమ్మమ్మ దగ్గరికి. ఎనభై దాటింది తనకి, కళ్ళు కొంచెం మందగించాయి గానీ మాట మాత్రం గట్టిది. మూడు నెలల నుంచి ఇదే పని నాకు, ఆదివారం వస్తే చాలు గోదారి గట్టు ఊళ్ళల్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది ఫోన్లో రికార్డు చేసుకోవడం, ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో రాసుకోవడం.

వెళ్ళగానే ఎప్పటిలాగే తప్పుగా అడిగాను. గోదారి గురించి చెప్పవా అంటే "ఏవుందే చెప్పడానికి, రోజూ ఉండేదే కదా" అంది. పోనీ ఎనభై ఆరు వరద గురించి చెప్పు అన్నాను. "ఎనభై ఆరో ఎనభై ఏడో నాకేం తెలుసే, వరలక్ష్మీ వ్రతం నాడు వచ్చింది" అని మొదలుపెట్టింది, ఇక అక్కణ్ణుంచి గంటన్నర ఆగలేదు.

పొద్దున్నే కలశం పెట్టిందట, వాయనానికి రెండు కుంచాల శనగలు ముందు రోజు రాత్రే నానబెట్టుకుందట, పేరంటాళ్ళని పిలవడానికి కూతుర్ని పంపిస్తే ఆ పిల్ల మోకాళ్ళ దాకా తడిసి వెనక్కొచ్చింది, వీధిలోకి నీళ్ళొచ్చేశాయమ్మా అని. మధ్యాహ్నానికల్లా గడప దాటి లోపలికొచ్చేశాయి. తాతయ్య ముందు గొడ్ల దగ్గరికి పరిగెత్తాడు, ముడులు విప్పే టైం లేక కొడవలితో పలుపులు కోసేశాడు, అవే ఈదుకుని పోతాయని. ఊళ్ళో అప్పటికి డాబా ఇల్లు ఒక్కటే ఉండేదట, అందరూ దాని మీదకి ఎక్కారు. చిన్నమ్మమ్మ కలశం ఒక చేత్తో, శనగల గిన్నె ఇంకో చేత్తో పట్టుకుని ఎక్కింది. "అమ్మవారిని ఎలా వదిలేస్తామే" అంది, ఆ మాట అంటున్నప్పుడు చేతులు అలాగే పట్టుకుని చూపించింది. ఆ రాత్రీ మర్నాడూ డాబా మీద ఉన్నవాళ్ళందరికీ ఆ నానిన శనగలే తిండి. పచ్చివే, ఉప్పు కూడా లేదు. పిల్లలకి ముందు గుప్పెడేసి పెట్టి మిగిలినవి పెద్దవాళ్ళు పంచుకున్నారట. చూడిగేదె ఒకటి నాలుగో రోజు ఎక్కడో ఏటిగట్టు మీద కనపడిందట, మెడకి సగం తెగిన పలుపు అలాగే ఉందట.

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. తను మాత్రం ఏడవలేదు.

తర్వాత నీళ్ళ సంగతి వచ్చింది. ఇప్పుడు ఎర్రనీరు వచ్చే రోజులు కదా, గోదారి టీ రంగులో ఉంది. చిన్నప్పుడు ఈ నీళ్ళే తాగేవాళ్ళమంటే ఎలా తాగారు అన్నాను. పోపులపెట్టె తీసి అడుగున ఉన్న ఇండుపగింజ ఒకటి బయటకి తీసింది. కుంకుడు గింజ కన్నా కొంచెం చిన్నది, ఒక పక్క బాగా అరిగిపోయి నున్నగా, ఇంకో పక్క మాత్రం గుండ్రంగానే ఉంది. పక్కింటి అబ్బాయి చేత రేవు నుంచి బిందెడు నీళ్ళు తెప్పించింది, సాన మీద రెండు చుక్కల నీళ్ళేసి గింజ అరగదీసింది, ఆ గంధంలాంటి దాన్ని బిందెలో వేసి చేత్తో గిర్రున తిప్పి పక్కన పెట్టేసింది. మేం అన్నం తిని లేచేసరికి పైన నీళ్ళు తేటపడ్డాయి, అడుగున ఒండ్రు మెత్తగా పేరుకుంది. "తాగి చూడు" అంది. గుటకేశాను, కొంచెం మట్టి వాసన, అంతే.

సాయంత్రం కోటిపల్లి రేవు దగ్గర ఆగాను. వయసులో కొబ్బరికాయల పడవ నడిపిన తాతగారు ఒకాయన అక్కడ రావి చెట్టు కింద కూర్చుంటారు. ఆయన్ని ఈసారి సరిగ్గా అడిగాను, యానాం వెళ్ళడానికి ఎంతసేపు పట్టేది అని కాకుండా ఎప్పుడు బయల్దేరేవారు తాతగారూ అని. "తిథిని బట్టండి అమ్మాయిగారూ. పున్నమికీ అమాసకీ పోటు జోరుగా ఉంటాదండి, అష్టమికి మందంగా ఉంటాది. పాటు మొదలై నీళ్ళు సముద్రంలోకి తీస్తా ఉండగానే పడవ వదిలేసేవోళ్ళం, పోటు మీద తిరిగొచ్చేసేవోళ్ళం, గెడ వెయ్యక్కర్లేదండి, సముద్రవే తోసిపెట్టేది." ఎదుర్లంక దగ్గర వారధి పడ్డాక కాయలన్నీ లారీలెక్కేశాయట. ఇంకా చాలా చెప్పారు, సుడులెక్కడ తిరుగుతాయి, ఇసుక మేటలు ఏటేటా ఎలా జరుగుతాయి అని, కానీ ఇంటికొచ్చి విన్నాక చూస్తే సగం రికార్డింగ్ గాలి హోరే. ప్రాణం ఉసూరుమంది. గుర్తున్నంత వరకు వెంటనే రాసేశాను, వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళి అడగాలి, ఈసారి గాలి తగలని చోట కూర్చోబెట్టి.

రాత్రి ఊరికే ఉండలేక పాత క్యాలెండర్ వెతికాను. 1986లో శ్రావణ పున్నమి ఆగస్టు 19, మంగళవారం. దాని ముందు శుక్రవారం, అంటే వరలక్ష్మీ వ్రతం రోజు, 15. ధవళేశ్వరం దగ్గర గోదారి 35 లక్షల క్యూసెక్కులు దాటింది 16న, మర్నాడే! మొన్న 2022 జులై వరదప్పుడు కూడా అందరూ పోల్చుకున్నది ఆ రోజుతోనే. ఏడాది తెలీదన్న మనిషి రోజుతో సహా చెప్పింది, నేనేమో ఇన్నాళ్ళూ అందర్నీ ఏ సంవత్సరం, ఏ సంవత్సరం అని విసిగించాను. ముందు రికార్డు చేసినవన్నీ మళ్ళీ వినాలి, ఎవరెవరు పండగ పేరు చెప్పారో, నేను పట్టించుకోకుండా ఎక్కడ దాటేశానో.

టైం తొమ్మిదైనా ఆగలేక ఫోన్ చేశాను, నువ్వు చెప్పింది కరెక్టే చిన్నమ్మమ్మా, సరిగ్గా శుక్రవారమే అని.

"మరి శుక్రవారం కాక ఇంకేం వారం చేస్తారే వ్రతం" అంది. కాసేపాగి, "ఇందాక చెప్పలేదు, తాంబూలాలు కూడా ఇచ్చాను తెలుసా, ఆ డాబా మీదే, చీకట్లో. తమలపాకులు కొంగులో కట్టుకొచ్చా" అంది.