నల్లరేగడి, బోరింగు, ఒక జత వాషర్లు

పదకొండు దాటింది. అమ్మ దగ్గు తగ్గి పడుకుంది. నాకే పొద్దున చూసిన ఆరోగ్య కేంద్రం నక్షా నిద్ర పట్టనివ్వడం లేదు.

కట్టబోయేది దక్షిణ సూడాన్‌లోని జోంగ్లే రాష్ట్రంలో. 1983 నుంచి 2005 దాకా ఒక యుద్ధం, 2011లో స్వతంత్రం, 2013 డిసెంబరులో మళ్లీ యుద్ధం. అక్కడ 15,000 మందికి ఒక చిన్న ఆరోగ్య కేంద్రం ఉండాలని సర్కారు లెక్క. ఆ నక్షాలో పునాది 45 సెంటీమీటర్లు. నేల మాత్రం నల్లరేగడి!

పల్నాడులో ఇల్లు కట్టినవాళ్లనెవర్నడిగినా చెప్తారు. వానకు అంచుల్లో మట్టి ముందు ఉబ్బుతుంది, గోడ లేస్తుంది, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు. మీటరు లోతున నల్లమట్టి తీసేసి, మొరం 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరకీ దిమ్మిస కొట్టాలి. నీరు గోడ పక్కన ఇంకకుండా చుట్టూ మీటరు వెడల్పు చప్టా, బయటికి వాలు. ఇంత తెలిసిన విషయాన్ని గీసేవాళ్లు ఎలా వదిలేస్తారని సాయంత్రమంతా మండిపడుతూనే ఉన్నాను.

ఇప్పుడు లెక్క వేస్తే కోపం కొంచెం చల్లారింది. 8 మీటర్లకు 12 మీటర్ల కట్టడమంటే 96 ఘనపు మీటర్ల గుంత. దిమ్మిసకు అణిగేది కలిపి మొరం 120 దాకా కావాలి. ఆరు ఘనపు మీటర్ల టిప్పరు ఇరవై సార్లు తిరగాలి. స్థలంలోనూ దారిలోనూ మందుపాతరలు లేవని తేల్చాకే లారీ కదులుతుంది. వానలు మొదలైతే ఆ బంకమట్టి దారుల్లో బండి దిగబడిపోతుంది. ఒక్క ఎండాకాలంలో ఇదంతా అవుతుందా? కాకపోవచ్చు. అయితే ఈ ఏడాదికి మట్టిగోడ, గడ్డికప్పుతోనే కేంద్రం పని మొదలుపెట్టనీ. బోరు మాత్రం ముందే పడాలి. కాంక్రీటు తడపాలన్నా నీళ్లు కావాలి కదా.

వచ్చే ప్రతి రోగికీ 5 లీటర్లు, ఒక్కో కాన్పుకు 100 లీటర్లు. రోజుకు యాభై మంది, ఒక కాన్పు అంటే 350.

అక్కడ వేసేదీ మన ఊళ్లలో ఉన్న బోరింగే, ఇండియా మార్క్ టూ. మా బడి ముందు బోరింగు విప్పిన రోజు కళ్లకు కట్టినట్టుంది. మూడు కాళ్ల స్టాండు, గొలుసు, పైపు జారకుండా పట్టే క్లాంపు. మూడేసి మీటర్ల ఇనప పైపులు ఒక్కొక్కటే పైకి లాగుతుంటే మరచుట్ల దగ్గర తుప్పు పొరలు పొరలుగా రాలింది. సిలిండరు అడుగున ఉంటుంది, పైపుకన్నా లావు. అందుకే పిస్టన్ ఒక్కటే పైకి రాదు. ముప్ఫై మీటర్ల బోరైతే పది పైపులూ తీయాల్సిందే. ఇంతా చేసి అరిగింది అరచేతిలో పట్టే రెండు వాషర్లు!

అసలు మంట అక్కడే. నక్షాతో పాటు ఇచ్చిన ఖర్చు అంచనాలో రంగుకు డబ్బుంది, బోర్డుకు ఉంది. వాషర్లకు లేదు, స్టాండుకు లేదు, క్లాంపుకు లేదు. పంపు ఆగితే మంత్రసాని చేతులు కడుక్కునేది వాగు నీళ్లతోనా? గోడ పగిలితే మట్టి మెత్తుకోవచ్చు.

టీకాల ఫ్రిజ్ బ్యాటరీ లేని సోలార్‌ది పెట్టారు, అది మంచి పని. పగలు లోపల మంచు కడుతుంది, రాత్రి దాంతోనే 2–8 డిగ్రీలు నిలుస్తుంది.

ఆ నక్షా గురించి రేపు రాయాల్సిన జాబులో పునాది మాట రెండో పేజీకి వెళ్లిపోయింది. మొదటి వరుసలో ఇవి: వాషర్లు ఆరు జతలు, పైపులు రెండు, స్టాండు, క్లాంపు, స్పానర్లు, వాటిని వాడటం నేర్చుకునే ఆ ఊరి మనుషులు ఇద్దరు.