మూడు రోజులు బతికే బీరు

లండన్‌లో దిగిన మొదటి సాయంత్రమే నాకు కోపం వచ్చింది. హోటల్‌కు దగ్గరలో ఉన్న ఒక పబ్బులో, చేతి పంపుతో తోడి ఇచ్చిన బిట్టర్ అనే బీరు ఒక పింట్‌కు ఆరున్నర పౌండ్లు, అంటే మన లెక్కలో ఏడు వందల రూపాయల వరకు ఇచ్చి, గ్లాసు నోటి దగ్గరికి తీసుకోగానే వెనిగర్ వాసన వచ్చింది. అది చల్లగానూ లేదు, వెచ్చగానూ లేదు. నురగ అప్పటికే చచ్చిపోయింది. నాతో వచ్చిన గుంటూరు మిత్రుడు ఒక గుక్క తాగి, "వీళ్ళు బీరు వేడిగా తాగుతారని మనం విన్నది నిజమేరా" అన్నాడు. నేనూ ఒప్పుకున్నాను. ఇద్దరం సగం గ్లాసు అక్కడే వదిలేసి బయటికి వచ్చాము. ఆ అభిప్రాయంతోనే హైదరాబాదుకు తిరిగి వచ్చి ఉంటే ఈ యాత్ర గురించి రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

లండన్‌లో గడిపిన మూడు రోజుల గురించి ఏమీ చెప్పను, చూసినవారూ రాసినవారూ ఎందరో ఉన్నారు. షెఫీల్డ్‌కు బయలుదేరిన ఉదయం సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో తెలిసిన సంగతి మాత్రం చెప్పి తీరాలి. ముందుగా కొనుక్కోకపోవడం వల్ల రెండు గంటల ప్రయాణానికి మేము పెట్టిన టికెట్టు డబ్బుతో సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి ఏసీలో వెళ్ళి రావచ్చు. ఆ బాధతో, రైలుకు ఇంకా గంట ఉండగా, కింది అంతస్తు దుకాణాల మధ్య తిరుగుతూ షెఫీల్డ్‌లో స్థిరపడిన మా మూడో మిత్రుడికి ఫోన్ చేసి, టికెట్టు సంగతితోపాటు బీరు సంగతి కూడా చెప్పుకున్నాను. మేము ముగ్గురం వరంగల్‌లో సివిల్ ఇంజనీరింగ్ కలిసి చదివినవాళ్ళం. "నువ్వు నిలబడ్డది పాత బీరు గోదాములోనే, ఆ ఇనప స్తంభాలను ఒకసారి పరీక్షగా చూడు" అన్నాడతను. 1868లో మిడ్‌లాండ్ రైల్వే ఈ స్టేషన్‌ను తెరిచినప్పుడు, ఇంజనీరు విలియం హెన్రీ బార్లో పట్టాలను వీధి కన్నా ఎత్తులో వేయించి, వాటి కింద ఏర్పడిన నేలమాళిగను బర్టన్ ఆన్ ట్రెంట్ పట్టణం నుంచి వచ్చే బీరు పీపాల నిలవకు కేటాయించాడు. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరాన్ని పీపా పొడవును బట్టి నిర్ణయించాడు. స్తంభాల దూరం అంటే మా చదువులో బరువు లెక్క, దూలం లెక్క. ఇక్కడ అంత పెద్ద కట్టడానికి బీరు పీపా కొలబద్ద అయిందని తెలిసి మేమిద్దరం ఆ స్తంభాల వరుసను అడుగులతో కొలుస్తూ రైలు వేళ దాదాపు మరచిపోయాము.

బర్టన్ బీరుకు అంత గిరాకీ రావడానికి కారణం ఆ ఊరి బావుల నీరు. అక్కడి భూమిలోని జిప్సం ఆ నీటిలో కరిగి ఉంటుంది. ఆ ఖనిజం బీరులో వేసే హాప్స్ అనే పూల చేదును పదునుగా, శుభ్రంగా పైకి తెస్తుంది. ఈనాటికీ వేరే ఊళ్ళలో పేల్ ఏల్ అనే లేత రంగు బీరు కాచేవారు తమ నీటిలో జిప్సం కలుపుకొని ఆ నీటిని బర్టన్ నీటిలా మార్చుకుంటారు. ఒక ఊరి నీటిని ప్రపంచమంతా అనుకరించడం నాకు చాలా నచ్చింది.

షెఫీల్డ్‌లో మా మిత్రుడు స్టేషన్‌లోనే, పూర్వం మొదటి తరగతి ప్రయాణికుల ఫలహారశాలగా ఉండి ఇప్పుడు షెఫీల్డ్ ట్యాప్ అనే పబ్బుగా మారిన గదిలో మా కోసం ఎదురుచూస్తున్నాడు. మమ్మల్ని కూర్చోనివ్వకుండా అతను మొదట అన్న మాట, "లండన్‌లో ఆ గ్లాసు ఎందుకు వదిలేశారు? కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళి పుల్లబడిందని మర్యాదగా చెబితే మార్చి ఇస్తారు. అది మీ హక్కు" అని. మనకు హోటల్లో సాంబారు పులిసిందని చెప్పడానికే మొహమాటం. పరాయి దేశంలో, బీరు ఎలా ఉండాలో తెలియని మేము, ఎవరికి ఏమని చెప్పగలం? ఎలా ఉండాలో చూపిస్తాను పదండి అంటూ డాన్ నది ఒడ్డున ఉన్న కెల్హామ్ ఐలాండ్‌కు నడిపించాడు. ఒకప్పుడు ఉక్కు పనిముట్ల కార్ఖానాలు నిండిన ఆ పేటలో ఇప్పుడు ఇటుక గోడలు మిగిలాయి, వాటి మధ్య పబ్బులు మిగిలాయి. 1981లో మొదలైన ఫ్యాట్ క్యాట్, దానికి కూతవేటు దూరంలో, 2008లోనూ 2009లోనూ వరుసగా దేశంలోనే ఉత్తమ పబ్బుగా ఎంపికైన కెల్హామ్ ఐలాండ్ టావెర్న్, రెండూ చూశాము. నా మనసు మాత్రం ఆ చుట్టుపక్కల సందులోని ఇంకొక చిన్న పబ్బులోనే చిక్కుకుపోయింది.

ఆ పబ్బుకు అయిదే పంపులు. మధ్యాహ్నం కావడంతో జనం లేరు. మేము హైదరాబాదు నుంచి వచ్చామని, లండన్‌లో ఇలా జరిగిందని మా మిత్రుడు చెప్పగానే, అరవై ఏళ్ళు పైబడిన యజమాని ఒక్క నిమిషం ఆలోచించి, నేలలోని తలుపు ఎత్తి, మెట్లు దిగి రమ్మన్నాడు. కింద తెల్ల సున్నం వేసిన గదిలో, తడి రాతి వాసనతో, పన్నెండు డిగ్రీల చల్లదనం ఉంది. ఆ చల్లదనం నాకు వేసవిలో మా ఇంటి వసారాలో ఇసుక మీద పెట్టిన కుండను గుర్తు చేసింది. నాలుకను మొద్దుబార్చని చల్లదనం అది. మంచులో పెట్టి తీసిన బీరుకు మన ఎండల్లో ఉన్న విలువను నేను కాదనను, కానీ ఆ చలిలో ఏ రుచీ తెలియదు. ఇక్కడివాళ్ళు బీరును వేడిగా తాగరు, రుచి తెలిసేటంత చల్లగా తాగుతారు.

దిమ్మెల మీద పడుకోబెట్టిన పీపాలను ఆయన ఒక్కొక్కటిగా చూపించాడు. ఒక్కొక్కటి తొమ్మిది గ్యాలన్లది, అంటే 72 పింట్లు పడుతుంది. బీరు కాచే చోటు, అంటే బ్రూవరీ, నుంచి వచ్చేనాటికి బీరు పూర్తి కాదు. దానిలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, పీపాలోనే రెండోసారి పులుస్తుంది. పై బిరడాలో మెత్తటి చెక్క మేకు దించితే లోపలి వాయువు మెల్లగా బయటికి పోతుంది. బుడగలు తగ్గాక గట్టి మేకు దించి, మడ్డి అడుగుకు పేరుకునేవరకు కదపకుండా ఉంచాలి. అమ్మడం మొదలయ్యాక తోడిన ప్రతి గ్లాసుకూ అంత గాలి పీపాలోకి పోతుంది. "అక్కడి నుంచి దీనికి మూడు రోజులే ఆయుష్షు. మూడు రోజుల్లో 72 పింట్లు తాగేవాళ్ళు లేకపోతే ఆ పంపు నా దగ్గర ఉండకూడదు. మీరు లండన్‌లో తాగింది చెడ్డ బీరు కాకపోవచ్చు, వారం కిందట చచ్చిపోయిన మంచి బీరు కావచ్చు" అన్నాడాయన. ఆ మాటతో నా కోపం ఆ బీరు మీద నుంచి దాన్ని అమ్మినవారి మీదికి మళ్ళింది. పంపులు వరుసగా పెట్టడం అందంగానే ఉంటుంది, వాటి వెనుక పీపా ఎన్నాళ్ళ నుంచి తెరిచి ఉందో చూడనివారికి ఆరున్నర పౌండ్లు అడిగే అర్హత లేదు.

నేను ఆ మెట్ల మీద నిలబడి మా నల్గొండ జిల్లా ఊరిని తలచుకున్నాను. సెలవుల్లో తాతతో కలిసి ఈతవనానికి వెళ్ళినప్పుడు, పొద్దున్నే దించిన లొట్టిలోని కల్లు తియ్యగా, పాలలా ఉండేది. ఎండ ముదిరేసరికి నాలుకకు చురుక్కుమనేది, సాయంత్రానికి ఘాటెక్కి పులిసిపోయేది. తాత ఏ పూట కల్లు ఏ పూట తాగాలో గీత కార్మికుడిని అడిగి గానీ ముట్టుకునేవాడు కాదు. కల్లును సీసాలో పెట్టి నెలల తరబడి దాచలేకపోవడం దాని లోపమని ఎవరూ అనలేదు. బతికి ఉన్న పానీయం కాబట్టి దాని వేళకు మనం వెళ్ళాలి. ఈ నేలమాళిగలోని మనిషి చేస్తున్న పనీ అదే. 1960ల చివరినాటికి ఇక్కడి పెద్ద కంపెనీలు ఏల్‌ను, అంటే ఇలాంటి బీరును, వడగట్టి, వేడిచేసి ఈస్ట్‌ను చంపి, వాయువు ఎక్కించి అమ్మడం మొదలుపెట్టినందుకే 1971లో నలుగురు యువకులు రియల్ ఏల్ కోసం, అంటే ఇలా పీపాలో బతికి ఉండే బీరు కోసం, ఉద్యమం ప్రారంభించారు. క్యామ్రా అనే పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది. మన కల్లు కోసం అంత ఓపికగా మాట్లాడే సంఘం మనకూ ఉంటే బాగుండునని అనిపించింది.

పైకి వచ్చాక అసలు చర్చ మొదలైంది. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. దానిలో మూడో వంతు కొలత గ్లాసులు కూడా ఇస్తారు కాబట్టి మూడు రకాలను ముగ్గురం పక్కపక్కన పెట్టుకున్నాము. మొదటిది బిట్టర్, రాగి రంగులో ఉంది. దాని మాల్ట్ వాసన నాకు మొలకెత్తించి వేయించిన రాగుల పిండిని గుర్తు చేసింది. ఇందులో వింతేమీ లేదు, బార్లీని మొలకెత్తించి ఆరబెట్టేదే మాల్ట్, మా అమ్మ రాగి జావకు చేసినదీ అదే పని. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ అనే ఇంగ్లీషు హాప్స్ వాసన ఎండుగడ్డిలా, కొద్దిగా తేనెలా ఉంది. రెండోది అమెరికా సిట్రా హాప్స్ వేసిన లేత రంగు ఏల్, బత్తాయి తొక్క గిల్లినట్టు గుప్పుమంది. గుంటూరు మిత్రుడికి అదే నచ్చింది. మూడోది మైల్డ్, నల్లగా, చేదు తక్కువగా, చికోరీ కలిపిన కాఫీ చల్లారినట్టు ఉంది. నా ఓటు దానికే.

ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో పంపు మూతికి చిన్న రంధ్రాల బిళ్ళ బిగిస్తారు, దాని వల్ల మీగడ లాంటి దట్టమైన నురగ వస్తుంది. దక్షిణాన దాన్ని తీసేస్తారు. నురగ అందంగా ఉన్నా హాప్స్ వాసన అందులోనే పోతుందని వాళ్ళ వాదన. యజమానిని బతిమాలి ఒకే బీరును రెండు విధాలా పోయించుకున్నాము. షెఫీల్డ్ మిత్రుడు, ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంటున్నవాడు, నురగ లేనిది బీరే కాదన్నాడు. నాకు మాత్రం బిట్టర్‌కు నురగ మేలు చేసిందని, లేత ఏల్‌కు కీడు చేసిందని తోచింది. గంటసేపు వాదించుకున్నాము, ఎవరి మాట మీద వారే నిలబడ్డాము.

ఆ వాదన మధ్యలోనే ఒక ఇబ్బంది బయటపడింది. మడ్డి త్వరగా అడుక్కు చేరడానికి పీపాలో ఐసింగ్లాస్ వేస్తారని, అది ఎండబెట్టిన చేప గాలితిత్తి నుంచి తీసేదని యజమాని మాటల్లో చెప్పాడు. గుంటూరు మిత్రుడు పుట్టినప్పటి నుంచి శాకాహారి. గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. గ్లాసులోకి వచ్చేసరికి ఆ పదార్థం మడ్డితోపాటు అడుగునే ఉండిపోతుందని ఎవరైనా వాదించవచ్చు, కానీ నమ్మకం ఉన్న మనిషితో ఆ వాదన చేయకూడదు. మేమూ చేయలేదు. యజమాని చాలా నొచ్చుకొని, చేప పదార్థం వాడని రెండు పంపులను చూపించాడు. అవి కాస్త మబ్బుగా ఉంటాయి, రుచిలో లోటు లేదు. ఈ సంగతిని ప్రతి పంపు మీద రాయడం ఏమంత కష్టం? మన ఊళ్ళో బిస్కెట్ పొట్లం మీద కూడా ఆకుపచ్చ చుక్క ఉంటుంది.

జైపూర్ అనే ఏల్ గురించి కూడా చెప్పాలి. పక్కనే ఉన్న డెర్బీషైర్‌లో థార్న్‌బ్రిడ్జ్ బ్రూవరీ 2005 నుంచి కాస్తున్న ఈ ఇండియా పేల్ ఏల్‌లో 5.9 శాతం మద్యం ఉంటుంది. తాగుతుంటే తేలికగా ఉండి, ఆ తరువాత బరువు తెలుస్తుంది. మన దేశం పేరు ఈ బీరుకు ఎలా వచ్చిందని నేను అడిగాను. తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో జార్జ్ హాడ్జ్‌సన్ బ్రూవరీ ఈస్టిండియా కంపెనీ ఓడరేవులకు దగ్గరగా ఉండేది. హాప్స్ దండిగా వేసిన అతని లేత ఏల్ ఓడల్లో నెలల తరబడి ఆఫ్రికా చుట్టూ తిరిగి మద్రాసుకూ కలకత్తాకూ చేరేసరికి ముదిరి మరింత బాగుండేది. 1820ల నుంచి బర్టన్ కంపెనీలు ఆ వ్యాపారంలోకి దిగాయి. మన వేడిని తట్టుకోవడానికి ఎవరో ప్రత్యేకంగా కనిపెట్టారన్నది కథే, అప్పటికే ఉన్న బీరుకు సముద్ర ప్రయాణం కలిసి వచ్చింది. మద్రాసులో ఆ పీపాలను మోసిన కూలీల్లో మన తెలుగువాళ్ళూ ఉండే ఉంటారు. వాళ్ళకు ఆ రుచి తెలిసి ఉండదు కదా అని గుంటూరు మిత్రుడు అన్నప్పుడు మా బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

2002లో చిన్న బ్రూవరీలకు సుంకాన్ని సగానికి తగ్గించడం వల్ల దేశమంతటా కొత్తవి పుట్టుకొచ్చాయని, అయినా అవి నిలవడం కష్టమేనని షెఫీల్డ్ మిత్రుడు చెప్పాడు. 2004లో దేశపు ఉత్తమ బీరుగా ఎంపికైన పేల్ రైడర్‌ను కాచిన కెల్హామ్ ఐలాండ్ బ్రూవరీయే 2022లో మూతబడింది, ఆ బీరును ఇప్పుడు థార్న్‌బ్రిడ్జ్ కాస్తోంది. బర్టన్‌లో పీపాలను గొట్టాలతో వరుసగా కలిపి పులియబెట్టే పాత పద్ధతి కూడా 2024లో ఆగిపోయింది. ఆ పీపాల వరుసల్లో ఒకదాన్ని అదే థార్న్‌బ్రిడ్జ్ తెచ్చి కాపాడుకుంటోంది.

మూడో రోజు, తిరుగు రైలుకు ముందు, అదే సందులోకి మళ్ళీ వెళ్ళాము. మొదటి రోజు మేము తాగిన పీపా లోని మైల్డ్ ఇంకా కొంచెం ఉందని యజమాని చెప్పాడు. బుడగలు తగ్గి, చేదు మెత్తబడి, చివర ఎండు ద్రాక్ష లాంటి కొత్త రుచి ఒకటి వచ్చింది. పులుపు ఇంకా రాలేదు, రేపటికి వచ్చేదేమో. నా వెనుక వచ్చిన ఒక పెద్దాయన కూడా మైల్డే అడిగాడు. పంపు రెండుసార్లు లాగేసరికి గాలి తప్ప ఏమీ రాలేదు. యజమాని ఆయనకు క్షమాపణ చెప్పి, పంపుకు తగిలించిన బీరు పేరు బిళ్ళను వెనక్కి తిప్పి, కొత్త పీపాకు మేకు దించడానికి కిందికి దిగాడు.